మొదటి హాఫ్ మారథాన్‌కి 16 వారాలుంది, ఇప్పుడు 5 కి.మీ. మాత్రమే వస్తోంది, ఎలా మొదలుపెట్టాలి?

తొలిఅడుగు:
నమస్తే అందరికీ. వయసు 38, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగం. కొన్ని నెలలుగా వారానికి మూడుసార్లు పరిగెడుతున్నా, 5 కి.మీ. ఆగకుండా 34:30 లో అవుతోంది. ఫ్రెండ్స్ హాఫ్‌కి పేరిచ్చారు, నేనూ ఇచ్చేశా, 16 వారాల టైముంది, కటాఫ్, అంటే రేసు పూర్తి చెయ్యాల్సిన గడువు, 3 గంటల 15 నిమిషాలు. ఇప్పుడు భయమేంటంటే 5 అయ్యేసరికే నోట మాట రాదు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడతా, ఇంకో 16 కి.మీ. ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందో ఊహకి అందట్లేదు. వారానికి ఎన్ని రోజులు పరిగెత్తాలి? వాచ్‌లో హార్ట్ రేట్ 175 చూపిస్తోంది, అది ప్రమాదమా? రేసుకి ముందే ఒకసారి 21 మొత్తం పరిగెత్తి చూసుకోవాలా? షూస్ గురించి కూడా చెప్పండి. దీన్ని ఎలాగైనా పూర్తి చెయ్యాలనుంది.

నిలకడ:
తొలిఅడుగు గారూ, మీకు ఓపిక తక్కువేం కాదండి, స్పీడ్ ఎక్కువైంది అంతే. 5 అయ్యాక మాట రావట్లేదంటే మీరు రోజూ రేసే పరిగెడుతున్నారు. ట్రైనింగ్‌లో ఎక్కువ భాగం, పక్కన మనిషి ఉంటే పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత మెల్లగా ఉండాలి, రెండు ముక్కలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే అది ఎక్కువే. మీ 5 కి.మీ. టైము చూస్తే కిలోమీటరుకి 8 నుంచి 8:30 నిమిషాలు మీకు తేలిక స్పీడ్ అవ్వొచ్చు, ఎండలో అయితే ఇంకా తగ్గించాలి. అలా మెల్లగా ఎక్కువసేపు పరిగెడుతుంటేనే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతుంది, గుండె ఒక్కసారి కొట్టుకుంటే బయటికొచ్చే రక్తం పెరుగుతుంది, కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం ఒంటికి అలవాటవుతుంది. స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు పెద్ద పెద్ద ఎండ్యూరెన్స్ అథ్లెట్ల ట్రైనింగ్ చూస్తే సెషన్లలో దాదాపు 80 శాతం తేలికగానే చేస్తున్నారని తేలింది, వాళ్ళే అలా చేస్తుంటే మనం రోజూ రొప్పుకుంటూ పరిగెత్తడంలో అర్థం లేదు కదా.

ఇంకొకటి, ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే దారికొస్తాయి. ఎముకలు, కండరాల్ని ఎముకలకి కలిపే టెండాన్లు నెలలు తీసుకుంటాయి. అందుకే ఐదారు వారాలయ్యాక "ఇంకా పరిగెత్తగలను" అనిపిస్తుంది చూడండి, సరిగ్గా అక్కడే చాలామందికి దెబ్బలు తగులుతాయి. ఊపిరి సరిపోతోంది కదా అని కిలోమీటర్లు పెంచేయొద్దు, కాళ్ళని కూడా అడగాలి.

వానలోనూ_పరుగు:
నిలకడ అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ కొత్తగా వచ్చేవాళ్ళకి ఈ ఒక్క పోస్ట్ చాలు.

లెక్కల_రన్నర్:
నేను లెక్క చెప్తా. హాఫ్ అంటే 21.0975 కి.మీ., మారథాన్ 42.195 లో కచ్చితంగా సగం. 3 గంటల 15 నిమిషాల కటాఫ్ అంటే కిలోమీటరుకి 9:14 వచ్చినా సరిపోతుంది. అంటే మీ తేలిక స్పీడే కటాఫ్‌కంటే ముందుంది. 8 నిమిషాల చొప్పున వెళ్తే 2:48:47, 7:30 అయితే 2:38:14, 7 అయితే 2:27:41. ఒక దూరం టైముని బట్టి ఇంకో దూరం టైము అంచనా వెయ్యడానికి రీగెల్ ఫార్ములా అని ఉంది, రెండు దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి వేసి పాత టైముతో గుణించాలి. మీ 34:30 పెడితే 2:39 దగ్గర వస్తుంది. అయితే ఆ ఫార్ములా రెండు దూరాలకీ బాగా తయారైన మనిషిని ఊహించుకుని చెప్తుంది కాబట్టి మొదటి హాఫ్‌కి ఒక పది నిమిషాలు కలుపుకుని చూసుకోండి. కటాఫ్ భయం అయితే ఇవాళే వదిలెయ్యొచ్చు. ఒక్కటి కనుక్కోండి, కటాఫ్ గన్ మోగిన దగ్గర్నుంచా, మీరు స్టార్ట్ లైన్ దాటిన దగ్గర్నుంచా అని. జనం ఎక్కువుంటే లైన్ దాటడానికే చాలా నిమిషాలు పోతాయి.

తొలిఅడుగు:
చాలా థాంక్స్ అండి. ఇవాళ 8:20 స్పీడ్‌లో వెళ్ళా. హార్ట్ రేట్ 150 లోపే ఉంది, 6 కి.మీ. అయ్యాక కూడా ఇంకా వెళ్ళొచ్చు అనిపించింది, నాకైతే నమ్మబుద్ధి కాలేదు. కానీ చిన్న ఎత్తు వచ్చినా మళ్ళీ ఆయాసం మొదలవుతోంది, అక్కడ ఏం చెయ్యాలి?

నిలకడ:
ఎత్తులో నడవండి. హార్ట్ రేట్ దిగాక మళ్ళీ పరుగు.

మధ్యలో_నడక:
నడక గురించి వచ్చింది కాబట్టి చెప్తున్నా. జెఫ్ గాలోవే అని 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరిగెత్తిన అమెరికన్, ఆయన పేరు మీదే రన్-వాక్ పద్ధతి ప్రపంచమంతా తెలుసు. అలిసిపోయాక నడవడం కాదు, అలుపు రాకముందే మొదటి కిలోమీటర్ నుంచే లెక్కగా నడవడం. ఉదాహరణకి 4 నిమిషాలు పరుగు 1 నిమిషం నడక, మొదట్నుంచి చివరిదాకా అదే. ఆ ఒక్క నిమిషంలో పిక్కల మీద, మోకాళ్ళ మీద బరువు తగ్గుతుంది, కండరాలు వేరేగా పనిచేస్తాయి, చివరి 5 కి.మీ. కోసం కొంచెం మిగులుతుంది. నేను లాంగ్ రన్స్, అంటే వారానికోసారి చేసే పొడుగు పరుగులు, అన్నీ ఇలానే చేస్తా, వాచ్‌లో అలారం పెట్టుకుంటా, మోగగానే ఎంత బాగున్నా సరే నడుస్తా. బాగున్నప్పుడు నడవబుద్ధి కాదు, అక్కడే మనసు గట్టి చేసుకోవాలి.

బాణం:
నా అభిప్రాయం వేరే. మధ్యలో నడిస్తే అది హాఫ్ పరిగెత్తినట్టు ఎలా అవుతుంది? ఒకసారి నడకకి అలవాటు పడితే మనసు ఎప్పుడూ నడకనే కోరుకుంటుంది. మెల్లగానైనా సరే పరిగెత్తాలి.

మధ్యలో_నడక:
బాణం గారూ, స్టార్ట్ లైన్ నుంచి ఫినిష్ లైన్ దాకా మీ కాళ్ళ మీద మీరు వెళ్ళారు, అంతకంటే ఎవరు ఏం అడుగుతారండి. ఆగకుండా పరిగెత్తాలని లక్ష్యం ఉన్నవాళ్ళు అలాగే చెయ్యొచ్చు, అందులో తప్పేం లేదు. కానీ 38 ఏళ్ళకి మొదలుపెట్టి ఇంకా ఇరవై ఏళ్ళు పరిగెత్తాలనుకునే మనిషికి మొదటి రేసులోనే నడవకూడదని షరతు పెడితే నాకు నచ్చదు.

నిలకడ:
ఇద్దరూ చెప్పింది ఎవరికి వాళ్ళకి సరిపోతుంది. వారం మధ్య చిన్న రన్స్ ఆగకుండా చెయ్యండి, లాంగ్ రన్ మాత్రం రన్-వాక్ చెయ్యండి, 12 కి.మీ. దాటాక మీకే తెలుస్తుంది ఏది పడుతుందో.

ప్లాన్ అడిగారు కదా. వారానికి మూడు రన్స్ చాలు, కాళ్ళు ఒప్పుకుంటే తర్వాత నాలుగు. రెండు చిన్నవి 30 నుంచి 45 నిమిషాలు, ఒకటి లాంగ్. లాంగ్ రన్ ఇలా పెంచండి, మొదటి మూడు వారాలు 6, 7, 8 కి.మీ., నాలుగో వారం మళ్ళీ 6 కి దిగాలి, ఆ తర్వాత 9, 10, 11, ఎనిమిదో వారం 8, మళ్ళీ 12, 14, 15, పన్నెండో వారం 11, పదమూడులో 16, పద్నాలుగులో 18, పదిహేనులో 11, పదహారు రేస్. నాలుగో వారం తగ్గించమన్నానని సమయం వృథా అనుకోవద్దు, ఎక్కిన బరువుని ఒళ్ళు ఇముడ్చుకునేది ఆ వారమే. చాలామంది దాన్నే ఎగ్గొడతారు. వారానికి 10 శాతం మించి పెంచొద్దని ఒక మాట వింటుంటారు, దాన్ని శాసనంలా పట్టుకోనక్కర్లేదు, ఉద్దేశం మాత్రం మంచిది. తొమ్మిదో వారం నుంచి ఒక చిన్న రన్ మధ్యలో పది పదిహేను నిమిషాలు కొంచెం గట్టిగా, అంటే మూడు నాలుగు మాటలు మాత్రమే మాట్లాడగలిగేలా వెళ్ళండి. అంతకుముందు ఏ స్పీడ్ వర్క్ వద్దు. ఒక వారం జ్వరమో పనో వచ్చి పోతే దాన్ని తర్వాతి వారంలో కలిపి తీర్చుకోవాలని చూడొద్దు, పోయిందనుకుని ముందుకెళ్ళండి.

గుండెచప్పుడు:
హార్ట్ రేట్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేది గరిష్ఠం అంటారు, మీకు 182. 2001 లో టనకా వాళ్ళు ఇచ్చిన ఫార్ములా 208 మైనస్ వయసులో 0.7 వంతు, దాంతో 181. రెండూ సగటు లెక్కలే, మనిషికీ మనిషికీ పది పదిహేను అటూ ఇటూ తేడా మామూలు. కాబట్టి 175 అంటే మీరు గట్టిగా పరిగెత్తారని అర్థం, ఆ అంకె ఒక్కటే చూసి కంగారు పడక్కర్లేదు. ఇంకో సంగతి, చేతి వాచ్‌లో లైట్ సెన్సార్ ఒక్కోసారి గుండెని వదిలేసి మీ అడుగుల లెక్కని పట్టుకుంటుంది, నిమిషానికి 170 అడుగులు వేస్తుంటే హార్ట్ రేట్ కూడా 170 అని చూపిస్తుంది. తేలిగ్గా మాట్లాడుతూ వెళ్తున్నా 170 అంటే అనుమానించండి. పట్టీ మణికట్టు ఎముకకి కొంచెం పైన బిగుతుగా కట్టండి, లేదా ఛాతీకి కట్టే స్ట్రాప్ తీసుకోండి.

కానీ ఛాతీలో బిగింపు, కళ్ళు తిరగడం, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం, స్పృహ తప్పినట్టు అవ్వడం, వీటిలో ఏదొచ్చినా అక్కడే ఆగి డాక్టర్‌ని కలవాలి. బీపీ, షుగర్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు వచ్చి ఉన్నా ప్లాన్ మొదలుపెట్టకముందే చూపించుకోండి. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

పాత_లేసులు:
షూస్ గురించి నా వంతు. సాయంత్రం వెళ్ళి కొనండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి, లాంగ్ రన్‌లో ఉండే సైజు అదే. నిలబడినప్పుడు పొడుగు వేలుకీ షూ కొసకీ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, మామూలు చెప్పుల సైజు కంటే అర సైజో ఒక సైజో పెద్దది పడుతుంది. గోళ్ళు నల్లబడేది చాలావరకు షూ పొట్టి అవ్వడం వల్లే. మడమ లేస్తుంటే చివర ఎక్స్‌ట్రాగా ఉండే రంధ్రంలోంచి లేసుని అదే వైపు లూప్‌లా తీసి, అవతలి లేసుని ఆ లూప్‌లోంచి దూర్చి లాగి కట్టండి, మడమ కదలదు. ఏ మోడల్ అని అడగొద్దు, వేసుకుని నాలుగు అడుగులు పరిగెడితే హాయిగా ఉన్నదే మీ షూ. కార్బన్ ప్లేట్ షూస్ మొదటి హాఫ్‌కి అవసరం లేదు. 500 నుంచి 800 కి.మీ. మధ్యలో మార్చాలంటారు కాబట్టి ఎన్ని కిలోమీటర్లయ్యాయో యాప్‌లో రాసుకుంటూ ఉండండి. రేసు కోసం కొత్తవి కొనాలంటే కనీసం నెల ముందు కొని, వాటితో ఒక లాంగ్ రన్ అయినా చెయ్యండి. సాక్స్ కాటన్ వద్దు, చెమట పట్టుకుని బొబ్బలొస్తాయి.

పిక్కబలం:
నాకూ ఇంచుమించు ఇదే ప్లాన్ నడుస్తోంది, ఆరో వారం. రెండు మూడు రోజులుగా మోకాలి కింద ముందు ఎముక లోపలి అంచు వెంట నొప్పి, మొదలుపెట్టినప్పుడు ఉంటుంది, కిలోమీటర్ అయ్యాక తగ్గుతుంది, మర్నాడు పొద్దున మంచం దిగితే మళ్ళీ. పరిగెత్తొచ్చా ఆపెయ్యాలా? ఆపితే మొత్తం పోతుందేమోనని దిగులుగా ఉంది.

కాళ్ళ_డాక్టరమ్మ:
నేను ఫిజియోథెరపీ చేస్తాను. చూడకుండా ఇది ఫలానా అని చెప్పలేను గానీ మీరు ఇంట్లో చూసుకోవాల్సినవి చెప్తా. కుర్చీలో కూర్చుని కాలు ఇంకో మోకాలి మీద వేసుకుని ఆ ఎముక లోపలి అంచు మీద చీలమండ దగ్గర్నుంచి పైకి బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ రండి. నొప్పి ఒక జానెడు పొడుగునా పరుచుకుని ఉండి, పరిగెత్తుతుంటే తగ్గేదైతే మామూలుగా షిన్ స్ప్లింట్స్ అంటారు. అలా కాకుండా ఒక్క వేలి కొన పట్టేంత చోట మాత్రమే ఉలిక్కిపడేలా నొప్పి ఉన్నా, ఒంటికాలి మీద గెంతితే అక్కడే పొడిచినట్టున్నా, రాత్రి పడుకున్నప్పుడు ఊరికే సలుపుతున్నా, పరిగెత్తేకొద్దీ పెరుగుతున్నా స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే ఎముకలో సన్నటి చీలిక, అనుమానం. అప్పుడు పరుగు పూర్తిగా ఆపి ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించాలి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో అది కనబడకపోవచ్చు, ఎమ్మారై అడగొచ్చు, ఎక్స్‌రే బాగుందన్న ధైర్యంతో మళ్ళీ రోడ్డెక్కొద్దు.

మీరు చెప్పినదాన్ని బట్టి మొదటి రకంలా ఉంది. ఒక వారం లాంగ్ రన్ సగానికి తగ్గించండి, మిగతా రోజులు సైకిలో ఈతో. రన్ చేసినప్పుడు నొప్పి పదిలో మూడు దాటకూడదు, మర్నాటికల్లా ముందున్న స్థితికి రావాలి. దానితో పాటు పిక్కలకి బలం కావాలి. మెట్టు అంచున ముందుపాదం మీద నిలబడి, గోడ పట్టుకుని, మడమలు మూడు లెక్కపెట్టేంత సేపట్లో పైకి, మూడు లెక్కపెట్టేంత సేపట్లో కిందికి. మోకాలు నిటారుగా ఒకసారి, కొంచెం వంచి ఒకసారి, ఎందుకంటే వంచినప్పుడు లోపలుండే సోలియస్ కండరం మీద బరువు పడుతుంది, పరుగులో ఒంటి బరువులో చాలా భాగం మోసేది అదే. రెండు కాళ్ళతో 15 తేలిగ్గా వస్తే ఒంటికాలితో మొదలుపెట్టండి. తుంటికి పక్కకి పడుకుని కాలెత్తడం, స్క్వాట్, ప్లాంక్. వారానికి రెండుసార్లు ఇరవై నిమిషాలు చాలు. పరుగు కంటే ఇది విసుగు, నాకు తెలుసు, కానీ మొదటి రేసు దాకా చేర్చేది ఎక్కువమందికి ఇదే.

పిక్కబలం:
చాలా చాలా థాంక్స్ మేడమ్. నొక్కి చూశా, పరుచుకునే ఉంది, గెంతితే ఏం లేదు. సైకిల్ తీస్తా.

రెండోగాలి:
ఆడవాళ్ళ కోసం నాలుగు మాటలు, ఎందుకంటే ఏ ప్లాన్ చూసినా ఇవి ఉండవు. స్పోర్ట్స్ బ్రా షూస్ అంత ముఖ్యం, కొనేటప్పుడు గెంతి చూడండి, కింది పట్టీ వేలు దూరేంత బిగుతుగా ఉండాలి, భుజాల మీద బరువంతా పడకూడదు. 10 కి.మీ. దాటాక ఆ పట్టీ కింద ఒరుసుకుపోయి చర్మం మండుతుంది, వాజలీన్ ముందే రాసుకోండి. ఊరికే అలసట, చిన్న రన్‌కే రొప్పు వస్తుంటే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ కూడా చూపించుకోండి, హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ట్రైనింగ్ పెరిగాక నెలసరి ఆగిపోతే ఫిట్ అయ్యానని సంబరపడొద్దు అమ్మాయిలూ, అది ఒంటికి తిండి సరిపోవట్లేదని చెప్పే గుర్తు, ఎముకలు బలహీనమవుతాయి, వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి. బరువు తగ్గడమూ మొదటి హాఫ్ ట్రైనింగూ ఒకేసారి పెట్టుకోకపోతేనే మంచిదని నా గట్టి నమ్మకం.

తొలిఅడుగు:
అప్‌డేట్. పన్నెండో వారంలో ఉన్నా. 15 కి.మీ. రన్-వాక్ 4:1 తో పూర్తయింది! 13 దగ్గర కాళ్ళు బరువెక్కాయి, తల కూడా కొంచెం తేలినట్టయింది. దారిలో ఏమీ తినలేదు, నీళ్ళు రెండు గుక్కలు. జెల్స్ (పరుగులో తినే తియ్యటి ప్యాకెట్లు) ఎప్పుడు మొదలుపెట్టాలి?

గుండెచప్పుడు:
గంటా గంటంపావు లోపు రన్‌కి ఏమీ అక్కర్లేదు. కండరాల్లో, లివర్‌లో దాచుకున్న గ్లైకోజన్ అనే ఇంధనం మొదట్నుంచే ఖర్చవుతూ గంటన్నర దాటాక బాగా తగ్గిపోతుంది, మీకు 13 దగ్గర కాళ్ళు బరువెక్కింది అందుకే కావచ్చు. రెండు గంటలు దాటే రన్‌లో గంటకి 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాలి. జెల్ ఒకటి సాధారణంగా 20-25 గ్రాములు ఇస్తుంది, అలసట వచ్చాక కాకుండా 40 నిమిషాలకే మొదటిది, తర్వాత 30-40 నిమిషాలకోసారి. నీళ్ళతో తీసుకోండి, తియ్యటి స్పోర్ట్స్ డ్రింక్‌తో కలిపితే కడుపు తిప్పుతుంది. ఖర్జూరాలో అరటిపండో పడితే అవే తినొచ్చు. పొట్టకి కూడా ట్రైనింగ్ కావాలి, వచ్చే రెండు లాంగ్ రన్స్‌లో రేసులో తినబోయేదే తినండి.

నీళ్ళు దాహమేస్తే తాగండి, అంతే. భయపడి లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, దాన్ని హైపోనట్రీమియా అంటారు, ప్రాణం మీదికి వస్తుంది. మెల్లగా వెళ్ళేవాళ్ళకే ఆ ప్రమాదం ఎక్కువ, వాళ్ళు ప్రతి నీళ్ళ స్టాల్ దగ్గరా ఆగి తాగుతారు కాబట్టి. రన్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోండి, బరువు పెరిగిందంటే ఎక్కువ తాగినట్టే. ఇంకోమాట, రేసు పొద్దున నొప్పి రాకుండా ఇబుప్రోఫెన్ లాంటివి వేసుకోవడం కొందరికి అలవాటు, ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు అవి కిడ్నీల మీద పడతాయి, వద్దే వద్దు.

వానలోనూ_పరుగు:
ఎండ గురించి ఒక్క ముక్క. ఎండకి ఒళ్ళు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో వాచ్‌లో స్పీడ్ చూడటం మానేసి ఊపిరి చూసుకోండి.

బాణం:
తొలిఅడుగు, రేసుకి ముందు ఒకసారి 21 కొట్టేయ్. ఒకసారి చేశామన్న ధైర్యం ఉంటుంది. నేను అలాగే చేశాను, రేసు రోజు ఏ బెంగా లేదు.

నిలకడ:
ధైర్యం వస్తుంది, కాదనను. కానీ మెల్లగా వెళ్ళే మనిషికి 21 అంటే రెండున్నర మూడు గంటలు కాళ్ళ మీదే ఉండాలి, దాన్నించి తేరుకోవడానికి పది రోజులు పోతాయి, ఆ పది రోజుల ట్రైనింగ్ పోతుంది. 16 నుంచి 18 చేసినవాళ్ళు రేసులో మిగతా మూడు నుంచి ఐదు పూర్తి చేస్తారు, చుట్టూ జనం ఉంటారు, తాజా కాళ్ళుంటాయి, అంతకుముందు వారం తక్కువ పరిగెత్తి ఉంటారు. వారానికి నలభై యాభై కిలోమీటర్లు పరిగెత్తే బాణానికి 21 ఒక మామూలు లాంగ్ రన్, తొలిఅడుగుకి కాదు. నా మాట 18 దగ్గర ఆగమనే.

బాణం:
సరే, ఆ తేడా ఉంది, ఒప్పుకుంటా.

తొలిఅడుగు:
18 అయింది అన్నా! చివరి రెండు కిలోమీటర్లు మాట్లాడే స్థితి లేదు గానీ ఆగలేదు. జెల్స్ పని చేశాయి. ఇప్పుడు ప్లాన్ ప్రకారం తగ్గిస్తుంటే కాళ్ళు ఊరికే ఉండలేకపోతున్నాయి, ఎక్కడా లేని నొప్పులన్నీ వస్తున్నట్టుంది. నిన్న మెట్లెక్కుతుంటే మోకాలు పట్టేసింది, ఇవాళ లేదు.

కాళ్ళ_డాక్టరమ్మ:
టేపర్‌లో, అంటే రేసు ముందు పరుగు తగ్గించే వారాల్లో, అందరికీ ఇంతే. ఇలా చోటు మారే చిన్న నొప్పుల్ని పట్టించుకోకండి, ఒకేచోట మూడు రోజులు నిలబడితే చెప్పండి. ఈ రెండు వారాల్లో కొత్త వ్యాయామం ఏదీ మొదలుపెట్టొద్దు. రేసు ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా దిగులొద్దు, అంతకుముందు రెండు మూడు రాత్రులు బాగా పడుకుంటే చాలు.

లెక్కల_రన్నర్:
రేసు రోజు లెక్క. మొదటి 3 కి.మీ. మీకు కావాల్సిన స్పీడ్ కంటే కిలోమీటరుకి 15-20 సెకన్లు మెల్లగా వెళ్ళండి. జనం ఊపులో, సంగీతం హోరులో అర నిమిషం వేగంగా వెళ్ళిపోయామని తెలియను కూడా తెలియదు, దాని బాకీ 17 దగ్గర తీర్చాల్సి వస్తుంది. ఇంకో సంగతి, మీ వాచ్ 21.1 చూపించినా ఫినిష్ లైన్ ఇంకా రాకపోవచ్చు. కోర్స్ కొలిచేది అతి దగ్గరి దారిలో, మలుపుల లోపలి అంచు వెంట, మనం జనాన్ని తప్పించుకుంటూ వంకర్లు తిరుగుతాం, జీపీఎస్ కూడా కొంత కలుపుతుంది, 21.3, 21.4 రావడం మామూలు. కాబట్టి రోడ్డు పక్కన బోర్డుల్ని నమ్ముకోండి, వాచ్ సగటు స్పీడ్‌కి ఒక ఐదారు సెకన్లు కలుపుకోండి.

పాత_లేసులు:
బిబ్ (రేసు వాళ్ళిచ్చే నంబర్ కాగితం) పిన్నులతో ముందు రాత్రే టీషర్ట్‌కి పెట్టేసుకోండి. టీషర్ట్ ఒకసారి ఉతికి వేసుకున్నదై ఉండాలి, రేసులో ఇచ్చిన కొత్తది వద్దు. తొడల మధ్య, చంకల్లో, మగవాళ్ళయితే చనుమొనల మీద వాజలీన్. టాయిలెట్ దగ్గర క్యూ పొడుగ్గా ఉంటుంది, స్టార్ట్‌కి గంట ముందే చేరండి.

తొలిఅడుగు:
అయిపోయింది!! 2:44:10. మొదటి సగం 1:23, రెండో సగం 1:21. రాస్తుంటే ఇప్పటికీ చేతులు ఆడట్లేదు.

మొదటి మూడు కిలోమీటర్లు అందరూ దాటిపోతుంటే లెక్కల అన్న మాట తలుచుకుని వెనకే ఉన్నా. 4:1 చివరిదాకా పాటించా. 17 దగ్గర చిన్న ఫ్లైఓవర్, అక్కడ ఎడమ పిక్క పట్టేసేలా మెలితిరిగింది, అలారం మోగకపోయినా నడిచా, మడమని నేలకి ఆనించి రెండుసార్లు సాగదీశా, స్టాల్ దగ్గర ఎలక్ట్రోలైట్ సగం గ్లాసు తాగా, పైకి చేరేసరికి వదిలేసింది. దిగేటప్పుడు పొట్టి అడుగులు వేసుకుంటూ వెళ్ళా. 19 తర్వాత మొదట్లో నన్ను దాటినవాళ్ళు చాలామంది కనిపించారు, నడుస్తున్నారు, ఒకాయనకి నా దగ్గర మిగిలిన జెల్ ఇచ్చా. వాచ్ 21.38 చూపించింది. మీ అందరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు, ప్రతి ఒక్కరి మాటా ఏదో ఒక కిలోమీటర్లో పనికొచ్చింది.

నిలకడ:
శభాష్ తొలిఅడుగు! రెండో సగం మొదటి సగం కంటే వేగం, అదీ మొదటి రేసులో. నాకు చాలా చాలా సంతోషంగా ఉంది.

మధ్యలో_నడక:
కంగ్రాట్స్! 4:1 జిందాబాద్.

పిక్కబలం:
అభినందనలు అన్నా. నా రేసు ఇంకో మూడు వారాల్లో, నొప్పి పూర్తిగా పోయింది, ఒంటికాలితో మడమలెత్తడం 20 వస్తున్నాయి. నిన్న 14 చేశా. నువ్వు మళ్ళీ ఎప్పుడు పరిగెడతావ్?

తొలిఅడుగు:
ఇవాళే పరిగెత్తాలనుంది, మెట్లు మాత్రం పక్కకి తిరిగి దిగుతున్నా. ఎన్నాళ్ళు ఆగాలి?

కాళ్ళ_డాక్టరమ్మ:
తొడల నొప్పి రెండో రోజు ఇంకా పెరుగుతుంది, నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. అప్పటిదాకా నడక, సైకిల్, మంచి నిద్ర. మెట్లు నేరుగా దిగగలిగాక ఇరవై నిమిషాలు తేలిగ్గా పరిగెత్తండి, లాంగ్ రన్ రెండు వారాల తర్వాత. మడమలెత్తడం మాత్రం ఆపొద్దు.